చింతపల్లి పేరున ఒక పాటల జాబితా

పాటల్ని ఒక వరసలో కూర్చుకోవడం ఫోన్లు వచ్చాక పుట్టిన సరదా అని మా పిల్లల నమ్మకం. "ప్లేలిస్టు" అనే మాట వాళ్లది కావచ్చు గానీ ఆ పని మాత్రం మన అమ్మలదేనండీ. సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకాలు కొని, బియ్యం డబ్బా పక్కన దాచుకున్నది వాళ్లే. రేడియోలో పాట వస్తుంటే పప్పు గరిటె అలాగే వదిలేసి, సగం చరణం రాసుకుని, మిగతా సగం కోసం మళ్లీ ఆ పాట వేసేదాకా వారాల తరబడి కాచుకున్నదీ వాళ్లే.

మా అమ్మకి రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటుండేది. అందులో పాటలకి శీర్షికలు పెట్టి విడదీసి రాసుకుంది: మంగళహారతులు, పెళ్లి పాటలు, లాలి పాటలు, అప్పగింతలు. చివర ఒక భాగానికి "విషాదం" అని పేరు. అన్నిటికన్నా లావుగా ఉండేది అదే. ఎందుకమ్మా అని అడిగితే, "పని చేసుకునేప్పుడు అవే బాగుంటాయే" అనేది. ఇప్పుడు యాప్‌లు "మూడ్" అని పేరు పెట్టి ఇస్తున్నది దాన్నే కదా!

ఈ సరదా వెనక కూడా కొంత చరిత్ర ఉంది. గ్రామఫోన్ ప్లేటు ఒక వైపు తిరిగేది దాదాపు మూడు నిమిషాలే. అది అయిపోగానే లేచి ప్లేటు తిప్పాలి, లేదా మార్చాలి. అంటే వరస ఏదో ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉండేది, కానీ ప్లేట్లు కొనగలిగిన ఇళ్లు ఎన్ని? తర్వాత రేడియో వచ్చింది. రేడియోలో వరస వాళ్లది, వినడం మనది. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు బాగా తగ్గిపోయాయి. జనం రేడియో సిలోను వైపు తిరిగారు. వాళ్లని వెనక్కి రప్పించుకోవడానికే 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైంది. మన విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం వచ్చింది 1963లో. అదే సంవత్సరం ఎక్కడో యూరప్‌లో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్ ఒకటి బయటపెట్టింది. అది మన వీధుల్లోకి రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది గానీ, వచ్చాక మాత్రం వరస మన చేతికి వచ్చేసింది. కాగితం మీద పాటలు రాసి రికార్డింగ్ షాపులో ఇస్తే నాలుగు రోజులకి క్యాసెట్ ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్‌కి వైపుకి ముప్ఫై నిమిషాలు, అంటే ఆరేడు పాటలు. ఏది ముందు, ఏది వెనక, ఏది వదిలేయాలి అని ఇంట్లో అక్కచెల్లెళ్లం కొట్టుకున్నంత పని చేసేవాళ్లం. జాబితా అంటే ఏది వదిలేయాలో తేల్చుకోవడమేనని నాకు అప్పుడే తెలిసింది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈ మధ్య నేనొక జాబితా కట్టాను. దాని పేరు "చింతపల్లి".

మా పెద్దమ్మాయి విశాఖపట్నంలో డిగ్రీ చదువుతోంది. హాస్టల్లో అమ్మాయిలందరూ ఎవరి ఊరి పేరుతో వాళ్లు ఒక్కో జాబితా తయారు చేస్తున్నారట. విశాఖ పిల్లకి కష్టమే లేదు, బీచిలో తీసిన పాటలు కావలసినన్ని. అరకు పిల్లకీ పరవాలేదు, రైలు, సొరంగాలు, లోయ ఉన్నాయి. మా అమ్మాయి ఫోన్ చేసి, "మనకి అల్లూరి సినిమా పాట తప్ప ఏముందమ్మా?" అంది. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, ఆ మాటకి ఊరుకోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం పనయ్యాక నోటు పుస్తకం తీసుకుని కూర్చున్నాను. ప్రతి పాట పక్కనా మూడు సంగతులు రాయాలని నియమం పెట్టుకున్నాను: పాటలోని కథ ఏ సంవత్సరానిది, పాట పుట్టింది ఏ సంవత్సరం, పాటలో మాట్లాడుతున్నది ఎవరు.

మొదట కథ. మా ఊరి పేరు పుస్తకాల్లోకి ఎక్కింది 1922 ఆగస్టు 22న. ఆ రోజు అల్లూరి సీతారామరాజు తన మనుషులతో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డాడు. 11 తుపాకులు, 1390 తూటాలు, కొన్ని కత్తులు, బాయొనెట్లు తీసుకున్నాడు. ఏమేం తీసుకున్నదీ రికార్డులో రాసి మరీ వెళ్లాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు.

పిల్లలకి ఇక్కడిదాకా తెలుసు. దీనికి ముందుది చెప్పడం మనం మర్చిపోతుంటాం. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండవాళ్ల పోడు వ్యవసాయానికీ, అడవిలో కట్టె పుల్ల ఏరుకోవడానికీ అడ్డం పడింది. నర్సీపట్నం నుంచి కొండ మీదకి రోడ్డు వేయించడానికి గూడెం తహసీలు అధికారి బాస్టియన్ మన్యం వాళ్ల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. ఆ కోపం రాజు రాకముందే ఉంది. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ఆ కోపంలో నుంచి వచ్చినవాళ్లే. 1924 మే 7న రాజుని కాల్చి చంపారు. కొద్ది వారాల తేడాలో గంటందొర కూడా పోయాడు. మల్లుదొర జైలు శిక్ష అనుభవించి బతికి బయటపడ్డాడు. 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికై ఢిల్లీ వెళ్లాడు. స్టేషన్ మీద పడ్డవాళ్లలో ఒకాయన పార్లమెంటులో కూర్చున్నాడన్నమాట! ఆ మాట చెప్పగానే మా అమ్మాయి, "ఆయన మీద పాటుందా అమ్మా?" అంది. నా జాబితాలో మాత్రం లేదు.

ఇక పాటలు.

మొదటి పాటగా గరిమెళ్ల సత్యనారాయణ గారి "మా కొద్దీ తెల్ల దొరతనము" పెట్టాను. ఇందులో చింతపల్లి లేదు. కానీ నా జాబితాలో 1920ల మొదట్లో, ఆ కాలంలోనే పుట్టిన పాట ఇదొక్కటే. గరిమెళ్ల వారిది శ్రీకాకుళం వైపు గోనెపాడు. ఈ పాట రాసినందుకు ఆయన జైలుకి వెళ్లారు. కింద మైదానంలో జనం ఈ పాట పాడుతూ ఊరేగింపులు చేస్తున్న రోజుల్లోనే పైన కొండ మీద తుపాకులు పేలుతున్నాయి. ఈ రెండూ ఒకే కాలానివని పాఠ్య పుస్తకంలో వేరు వేరు పేజీల్లో చదివితే తట్టదు. పక్కపక్కన పెట్టి వింటే తడుతుంది.

రెండోది అందరూ అనుకునేదే, "తెలుగు వీర లేవరా". కృష్ణ గారి నూరవ సినిమా "అల్లూరి సీతారామరాజు"లోది. 1974 మే 1న విడుదలైంది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. షూటింగ్ చాలా భాగం మా చింతపల్లిలోనే జరిగింది. అప్పటి గుడిసెల సెట్ల గురించి, యూనిట్ వాళ్ల బస గురించి మా వీధిలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. దర్శకుడు వి. రామచంద్రరావు గారు సినిమా మధ్యలోనే పోయారు. మిగతాది కృష్ణ గారే దగ్గరుండి పూర్తి చేశారు. పాడిన ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న వెళ్లిపోయారు, సినిమా తెర మీదకి రావడం చూడలేదు. ఆయనతో కలిసి పాడింది వి. రామకృష్ణ గారు. రాసింది శ్రీశ్రీ. ఆ పాటకి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది.

ఇక్కడ నా నోటు పుస్తకం కొంచెం పని చేసింది. కథ సంవత్సరం 1922, పాట సంవత్సరం 1974. మధ్యలో యాభై రెండేళ్లు. శ్రీశ్రీ పుట్టింది 1910లో, విశాఖపట్నంలో. చింతపల్లి స్టేషన్ మీద దాడి జరిగిన ఏడు ఆయన పన్నెండేళ్ల పిల్లవాడు. ఇంత దగ్గర ఊళ్లో ఆ కబుర్లు వింటూ పెరిగే వయసు. అరవై దాటాక ఆ కబురుని పాటగా రాశాడు. మా అమ్మాయి ఇన్నాళ్లూ అది రాజు అనుచరులు అడవిలో పాడుకున్న పాట అనుకుందట! "కాదమ్మా, అది మీ తాతయ్య యువకుడుగా ఉన్నప్పటి పాట" అన్నాను. పాట గొప్పతనం ఏమీ తగ్గలేదు. కాకపోతే పాటలో పిలుస్తున్నది ఎవరు, ఎవరిని అని ఆలోచించింది. డెబ్బైల నాటి మనిషి, సినిమా హాల్లో కూర్చున్న మనల్ని పిలుస్తున్నాడు.

మూడోది అదే సినిమాలోని సుశీల గారి పాట, నారాయణరెడ్డి గారు రాసినది, రాజు కోసం ఎదురు చూసే సీత పాట. సుశీల గారిది విజయనగరం. ఘంటసాల గారు సంగీతం నేర్చుకున్నదీ ఆ విజయనగరం కళాశాలలోనే. మా కొండలకి కింద ఉన్న ఊరు ఎంతమంది గొంతుల్ని తయారు చేసిందో చూడండి. ఈ పాట వంటింట్లో నేను వందల సార్లు పాడుకుని ఉంటాను. జాబితాలో పెట్టాక మాత్రం ఒక సంగతి కనిపించింది. మొత్తం తిరుగుబాటు కథలో ఆడగొంతుకి దొరికిన పని ఎదురు చూడటం. స్టేషన్ల మీదకి వెళ్లిన వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు ఉండే ఉంటారు కదా. పోలీసులు ఊళ్ల మీద పడ్డప్పుడు గంజి ఎక్కడ కాచారో, పిల్లల్ని ఎక్కడ దాచారో, ఆ పాట ఎవరు కట్టారో అనిపించింది.

నాలుగోది వంగపండు ప్రసాదరావు గారిది, "ఏం పిల్లడో ఎల్దమొస్తవ". శ్రీకాకుళం గిరిజన పోరాటం నేపథ్యంలో పుట్టిన పాట. 1986లో "అర్ధరాత్రి స్వతంత్రం" సినిమాలో వచ్చాక ఇంటింటికీ తెలిసింది. ఈయన పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి మనిషి. 2020 ఆగస్టు 4న కన్నుమూశారు. ఇది చింతపల్లి పాట కాదు, కానీ మన ఉత్తరాంధ్ర యాస సిగ్గు పడకుండా మాట్లాడిన పాట. మా అత్తగారు మాట్లాడినట్టే ఉంటుంది. అందుకని పెట్టాను.

ఐదోది మా అమ్మాయి పట్టుబట్టి పెట్టించినది, "నాటు నాటు". 2022లో వచ్చిన సినిమా, 2023 మార్చిలో ఆస్కార్. చంద్రబోస్ గారి పాట, కీరవాణి గారి సంగీతం. అల్లూరి, కొమురం భీం కలిసి గంతులేస్తారు. నిజానికి వాళ్లిద్దరూ కలుసుకున్నదే లేదు. భీం 1940లో జోడేఘాట్‌లో పోయాడు, రాజు అంతకు పదహారేళ్ల ముందే పోయాడు. పాట తీసింది ఉక్రెయిన్‌లోని కీవ్‌లో, ఒక రాజభవనం ముందు. "కథ సంవత్సరం దగ్గర ఏం రాయమంటావే?" అని అడిగితే, మా అమ్మాయి నవ్వి, "కల అని రాయమ్మా" అంది. అలాగే రాశాను.

ఇలా ఐదు పాటలతో జాబితా హాస్టల్‌కి వెళ్లింది. మా అమ్మాయి గదిలోనే ఉండే ఇంకో అమ్మాయి మన ఏజెన్సీ పిల్లే, భగత కుటుంబం. సెలవులకి ఇద్దరూ ఒకే బస్సులో వస్తారు. ఆ పిల్ల ఇంటికి వచ్చినప్పుడు, టీ తాగుతూ నెమ్మదిగా అడిగింది. "ఆంటీ, జాబితా బాగుంది. కానీ అందరూ మా గురించి పాడినవాళ్లే. మా వాళ్లు పాడినవి ఫోన్లో దొరకవా?"

నిందగా అనలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మేం ఇక్కడ పాతికేళ్ల బట్టి ఉంటున్నా మైదానం వాళ్లమే. మాది అద్దె ఇల్లు. 1/70 చట్టం ప్రకారం మాలాంటి వాళ్లు ఇక్కడ భూమి కొనకూడదు, కొనకూడదనే నేనూ అంటాను. పాటల విషయంలో అలాంటి చట్టం ఏమీ లేదు. ఎవరైనా వచ్చి రికార్డు చేసుకుని వెళ్లొచ్చు. ఆ తేడా ఆ రోజు మొదటిసారి నా మనసులో మెదిలింది.

మళ్లీ వెతకడం మొదలుపెట్టాను. నెట్‌లో థింసా అని కొడితే వీడియోలు వస్తాయి. పర్యాటకుల కోసం, సభల్లో అతిథుల కోసం ఆడినవి ఎక్కువ. ఒకే రంగు చీరలు, ఐదు నిమిషాల ఆట. అసలు థింసాలో బోడ థింసా, గుండేరి థింసా, బాగ్ థింసా, కుండ థింసా అని రకరకాలున్నాయి. డప్పు, తుడుం, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగాలి. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడవాళ్లు వరసగా కదలాలి. ఊరి దేవతకి ఒకటి, పెళ్లికి ఒకటి, పులిని చెప్పేది ఒకటి. ఐదు నిమిషాల వీడియోలో ఏ సందర్భానికి ఏదన్నది పోతుంది.

కాలేజీలో చదువుకున్న పుస్తకాలు గుర్తు చేసుకున్నాను. నేదునూరి గంగాధరం గారు ఊరూరా తిరిగి జానపద గేయాలు పోగు చేశారు. బిరుదురాజు రామరాజు గారు 1950ల్లో ఉస్మానియాలో జానపద గేయ సాహిత్యం మీదే పరిశోధన చేసి, మన పల్లె పాటలకి విశ్వవిద్యాలయంలో పీట వేశారు. వాళ్ల పుణ్యాన దంపుళ్ల పాటలు, అప్పగింతలు అచ్చులోకి వచ్చాయి. కానీ అచ్చులో పాటకి రాగం ఉండదు కదండీ. మా అమ్మ నోటు పుస్తకంలో పాటలు కూడా అంతే. అమ్మ పోయాక ఆ పుస్తకం నాకు వచ్చింది. కొన్ని పాటల మాటలున్నాయి, ఎలా పాడాలో చెప్పేవాళ్లు లేరు. ఒక లాలి పాట ఉంది, అది నాకు పాడే నన్ను పెంచారట. ఇప్పుడు దాన్ని నేను చదవగలను, పాడలేను. ఆ బాధ తెలుసు కాబట్టే ఆ పిల్ల ప్రశ్న నన్ను వదల్లేదు.

తర్వాతి సెలవుల్లో ఆ పిల్ల వాళ్ల నానమ్మగారి దగ్గరకి తీసుకెళ్లింది. పెరట్లో మిరియాల తీగలు, పక్కన కాఫీ మొక్కలు. ఆవిడ పసుపు కొమ్ములు ఆరబోస్తున్నారు. మనవరాలు ఫోన్ తీసి, ఒక పాట పాడమంది. ఆవిడ ఫోన్‌ని, నన్ను మార్చి మార్చి చూసి, "ఒక్కదాన్ని కూకొని పాడితే అది పాటేటి? పక్కన చెయ్యి పట్టుకోడానికి మడిసుండాల. డప్పుండాల. పండక్కి రండి" అన్నారు. తర్వాత తేగలు కాల్చి పెట్టారు. పాట గురించి ఇంకేం మాట్లాడలేదు.

పండగ అంటే చైత్రంలో వచ్చే ఇటుకల పండగ. మన ఏజెన్సీలో మగవాళ్లు వేటకి వెళ్లడం, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్రో తాడో కట్టి, పాటలు పాడుతూ, వచ్చే బళ్లని ఆపి డబ్బులు అడగడం ఈ పండగ ఆనవాయితీ. పజోరు అంటారు. బయటి ఊళ్ల నుంచి వచ్చే కార్ల వాళ్లు కొందరు విసుక్కుంటారు. ఆ చైత్రంలో మేం ఇద్దరం, మా అమ్మాయి, నేను, బస్సు దిగి ఆ తాడు దగ్గర నిలబడ్డాం. నానమ్మగారు వరసలో మూడో మనిషి. పసుపు ఆరబోసిన మనిషేనా అనిపించింది. ముందు ఒకరు అందుకుంటే వెనక అందరూ అంటున్నారు. మధ్యలో ఆగిన జీపు డ్రైవర్ మీద అప్పటికప్పుడు ఒక చరణం కట్టి పాడితే, అతను సిగ్గుపడి పది రూపాయలు ఎక్కువ ఇచ్చాడు.

నూరేళ్ల కింద మన్యంలో వాళ్ల పెద్దల చేత కూలి ఎగ్గొట్టి రోడ్డు వేయించారు. అలాంటి రోడ్డు మీదే ఏడాదికోసారి వాళ్ల ఆడవాళ్లు బండి ఆపి డబ్బు తీసుకుంటున్నారు. పండగ ఇందుకోసం పుట్టలేదు, అది అంతకన్నా పాతది. కానీ 1922 జాబితా కట్టుకుని వెళ్లినదాన్ని కాబట్టి నాకు అలా కనిపించింది.

మనవరాలు తన ఫోన్లో రికార్డు చేసింది. నేను చేయలేదు, నాకు పంపమనీ అడగలేదు. ఆ పాట ఎక్కడికి వెళ్లాలో తేల్చాల్సింది వాళ్ల ఇంట్లో వాళ్లు. ఆ పిల్ల మాత్రం ఒక పని మొదలుపెట్టింది. రికార్డు చేసిన ప్రతి పాటకీ పేరు, పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ పండగ, ఏ తేదీ అని పుస్తకంలో రాస్తోంది. అర్థం కాని మాటలు నానమ్మని అడిగి పక్కన రాస్తోంది. శీర్షికలు కూడా పెట్టింది: పెళ్లివి, నాట్లవి, పండగవి. మా అమ్మ నోటు పుస్తకం ఆ పిల్లకి చూపించాను. "విషాదం" దగ్గర ఆగి నవ్వింది. "మా నానమ్మకీ ఇవే ఎక్కువ ఆంటీ" అంది.

నా జాబితాలో ఆరో పాట స్థానం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆ పేరుతో యాప్‌లో దొరికే స్టూడియో పాట ఒకటి పెట్టేయొచ్చని మా అమ్మాయి అంది గానీ నాకు ఇష్టం లేకపోయింది. దాని బదులు వివరణలో, "ఆరో పాట చైత్రంలో, రోడ్డు మీద, తాడు దగ్గర" అని రాశాం. హాస్టల్లో ముగ్గురు అమ్మాయిలు వచ్చే ఏడు వస్తామన్నారట. చిల్లర తెచ్చుకోమని చెప్పాం.

మీరు కూడా మీ ఊరి పేరున ఒక జాబితా కట్టి చూడండి. ఐదు పాటలు చాలు. పక్కన ఆ మూడు సంగతులు రాయండి: కథ ఎప్పటిది, పాట ఎప్పటిది, మాట్లాడేది ఎవరు. మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఆవిడకి వచ్చిన లాలి పాటో, దంపుళ్ల పాటో, ఆవిడ సరేనంటే, ఫోన్లో ఎక్కించి ఆవిడ పేరు, తేదీ రాసి పెట్టండి. మాటలు మాత్రమే రాసుకుంటే చాలదు. నా దగ్గర ఒక లాలి పాట అలా మూగగా ఉండిపోయింది, అందుకని చెబుతున్నాను.